ఇరుగు పొరుగు కరెంటు



కంకిపాడులో పట్టాలు అందుకుంటున్న ఇంజినీర్ల ముందు నిలబడి మాట్లాడేవాళ్లు ముందుగా తలుచుకోవలసిన పేరు కానూరి లక్ష్మణరావు గారిది. కె.ఎల్.రావు గారు పుట్టింది ఈ ఊళ్లోనే. విజయవాడ నుంచి లోక్‌సభకు వెళ్లారు. 1963 నుంచి పదేళ్లపాటు కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ శాఖ చూశారు. పులిచింతల ప్రాజెక్టుకు ఆయన పేరే పెట్టుకున్నాం. గంగను కావేరితో కలపాలని 1972లో ఆయన చేసిన ప్రతిపాదన గురించి అందరూ చెబుతారు. కరెంటు విషయంలో ఆయన హయాంలో జరిగిన పని మాత్రం ఎవరి నోటా వినపడదు. 1964లో దేశాన్ని ప్రాంతాలుగా విడదీసి ప్రాంతీయ విద్యుత్ బోర్డులు పెట్టారు. అంతవరకు దాదాపు ఏ రాష్ట్రం కరెంటు ఆ రాష్ట్రానిదే, ఏ రాష్ట్రం చీకటి ఆ రాష్ట్రానిదే. పక్క రాష్ట్రంతో కూర్చుని లెక్క చూసుకోవడం ఆ బోర్డులతో ఒక పద్ధతిగా మారింది. ఇచ్చిపుచ్చుకోవడం మనకు అప్పటికే కాస్త అలవాటే. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955 నుంచి ఆంధ్రకు, ఒడిశాకు ఉమ్మడి ఆస్తి.

ఆ దారి ఇప్పుడు దేశం ఎల్లలు దాటింది. నేను ఉద్యోగజీవితమంతా ట్రాన్స్‌మిషన్ లైన్లతో గడిపినవాణ్ణి. అందుకే ఇరుగు పొరుగు దేశాలతో గ్రిడ్లు కలుపుకోవడం గురించి ఇవాళ మీతో మాట్లాడాలనుకున్నాను.

నేపాల్ కరెంటుతో, శ్రీలంక తీగతో కృష్ణా డెల్టాకు ఏం పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. కైకలూరు, ముదినేపల్లి, నందివాడ వైపు నుంచి వచ్చిన పిల్లలకు మాత్రం ఆ అనుమానం రాదు. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటల వేళ రొయ్యల చెరువు ఎలా ఉంటుందో వాళ్లు చూశారు. రాత్రంతా నీళ్లలోని నాచు, రొయ్య, అడుగునున్న బురద అన్నీ ఆక్సిజన్‌ను తినేస్తూ ఉంటాయి. ఎండ లేదు కాబట్టి కొత్తగా పుట్టదు. ఆ వేళకు నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్ (డీవో) అడుగంటుతుంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి ఏరియేటర్లు ఆగాయనుకోండి, రొయ్య గట్టువారకు చేరి పైకి తేలడం మొదలుపెడుతుంది. కాపలా మనిషి టార్చిలైటు వేసి చూసి జనరేటర్ దగ్గరికి పరుగెత్తుతాడు. డీజిల్ ఉందా, బ్యాటరీ పనిచేస్తుందా, ఇంజను ఒక్క దెబ్బకు అందుకుంటుందా అన్నదాని మీద ఆ ఇంటి మూడు నెలల కష్టం ఆధారపడి ఉంటుంది. ఆ రైతుకు కావలసింది చౌక కరెంటు ఒక్కటే కాదు, ఆగిపోని కరెంటు. గ్రిడ్ ఎంత పెద్దదైతే, ఎంత క్రమశిక్షణతో నడిస్తే, ఎక్కడో ఒక యూనిట్ ట్రిప్ అయిన సంగతి ఆ చెరువుకు తెలియకుండా పోయే అవకాశం అంత ఎక్కువ.

మన సొంత చరిత్రలోనే దీనికి రెండు వైపులూ ఉన్నాయి. 2012 జూలై 30 తెల్లవారుజామున 2 గంటల 33 నిమిషాలకు బీనా–గ్వాలియర్ 400 కేవీ లైను ట్రిప్ అయింది. ఆ లైను మీద ఏ ఫాల్టూ లేదు. జోడీ సర్క్యూట్‌ను అప్‌గ్రేడ్ పనుల కోసం ఆపి ఉంచారు. ఉన్న ఒక్కదాని మీద భారం పెరిగి వోల్టేజి పడిపోయింది. రిలే దాన్ని ఫాల్ట్ అనుకుంది. కాసేపట్లోనే ఉత్తరాది గ్రిడ్ అంతా పడిపోయింది. మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకు మళ్లీ అదే కథ. ఈసారి తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూడా కూలాయి. దాదాపు 60 కోట్ల మంది నివసించే ప్రాంతం చీకట్లోకి వెళ్లింది. దక్షిణాది మాత్రం నిలబడింది. మన గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో ఏసీ లైన్లతో కలిసి లేదు. గాజువాక, చంద్రాపూర్, తాల్చేరు–కోలార్ లాంటి హెచ్‌వీడీసీ లింకులే ఉండేవి. అలాంటి లింకు అడిగినంత కరెంటే పంపిస్తుంది, అటు పక్క తడబాటును ఇటు రానివ్వదు.

విడిగా ఉండడమే మేలన్నమాట అని అప్పట్లో చాలామంది అన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. అదే సంవత్సరం మన రాష్ట్రంలో పవర్ హాలిడేలు నడిచాయి. విజయవాడ ఆటోనగర్ షెడ్లలో డీజిల్ వాసన గుర్తున్నవాళ్లు ఈ సభలోని తల్లిదండ్రుల్లో ఉంటారు. తూర్పున, పడమర కరెంటు మిగిలినా ఇటు తెచ్చుకోవడానికి సరిపడా కారిడార్ లేదు. పవర్ ఎక్స్‌ఛేంజీలో దక్షిణాది ధర మిగతా దేశం ధరను మించిపోయేది. ఆ రెండు రోజులు మనల్ని చీకటి నుంచి కాపాడిన గోడే మిగతా ఏడాదంతా మన గొంతు పట్టుకుంది. 2013 డిసెంబరు 31న రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైనుతో ఆ గోడ తొలగింది. దేశమంతా ఒకే గ్రిడ్, ఒకే ఫ్రీక్వెన్సీ అయింది. ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు గారి పేరు పెట్టుకున్న థర్మల్ కేంద్రంలోని యంత్రం, భూటాన్‌లో తాలా జలవిద్యుత్ కేంద్రంలోని యంత్రం ఇవాళ ఒకే 50 హెర్ట్జ్‌కు కట్టుబడి తిరుగుతున్నాయి. భూటాన్ నుంచి మనం పెద్ద ఎత్తున కరెంటు తెచ్చుకోవడం 1980లలో చుఖా ప్రాజెక్టుతో మొదలైంది. వానాకాలంలో వాళ్లు మనకు అమ్ముతారు, చలికాలంలో నదులు సన్నబడితే మన దగ్గర కొంటారు.

నేపాల్ కథ మీకు ఇంకా బాగా అర్థమవుతుంది. జూలైలో కృష్ణకు నీరు రాక మన నారుమళ్లు ఎదురుచూస్తున్నప్పుడు గోదావరి పొంగి సముద్రంలో కలుస్తుంటుంది. ఆ నీటిని పట్టిసీమ నుంచి ఎత్తి ప్రకాశం బ్యారేజీకి తెచ్చుకోవడం 2015లో మొదలుపెట్టాం. రెండు నదుల కాలం ఒకటి కాకపోవడమే అక్కడ మనకు కలిసొచ్చింది. నేపాల్‌తో కరెంటు విషయమూ అలాంటిదే. అక్కడి నదులు వానాకాలంలో ఉరకలు వేస్తాయి, చలికాలంలో ఎండుతాయి. ఒకప్పుడు చలికాలంలో రోజుకు 16 గంటల కోత చూసిన దేశమది. 2016లో ధల్కేబర్–ముజఫర్‌పూర్ లైను వచ్చాక మన దగ్గర నుంచి తెచ్చుకోవడం సులువైంది. 2021 నవంబరు నుంచి తన మిగులును మన ఎక్స్‌ఛేంజీలో అమ్ముకుంటోంది. పదేళ్లలో 10,000 మెగావాట్ల దాకా అమ్మేందుకు 2024 జనవరిలో ఒప్పందం కుదిరింది. అదే ఏడాది నవంబరు 15న నేపాల్ కరెంటు 40 మెగావాట్లు మన గ్రిడ్ మీదుగా బంగ్లాదేశ్‌కు చేరింది. ఇబ్రహీంపట్నంలోని ఒక పాత 210 మెగావాట్ల యూనిట్‌లో అది అయిదో వంతు కూడా కాదు. అయినా నాకు అది పెద్ద సంఘటనే. ఒక దేశం పండించిన కరెంటును రెండో దేశం మోసి మూడో దేశానికి చేర్చడం ఈ ఉపఖండంలో అంతకుముందు లేదు.

అన్నీ శుభాలే చెప్పి పంపిస్తే మీ చదువును తక్కువ చేసినట్టవుతుంది. మన బహరంపూర్ నుంచి బంగ్లాదేశ్‌లోని భేరామారాకు 500 మెగావాట్ల హెచ్‌వీడీసీ లింకు 2013లో మొదలైంది. ఏడాది తిరగ్గానే, 2014 నవంబరు 1న, భేరామారా స్టేషన్ ట్రిప్ అయింది. ఆ క్షణాన బంగ్లాదేశ్ వాడుతున్న కరెంటులో దాదాపు పదో వంతు ఒక్కసారిగా మాయమైంది. ఆ లోటును వెంటనే పూడ్చగల రిజర్వు వాళ్ల యంత్రాల్లో లేదు. ఫ్రీక్వెన్సీ జారిపోయి దేశమంతా చీకటైంది. భరోసా కోసం వేసుకున్న తీగే ఆ రోజు కొంప ముంచింది. మరి వాళ్లేం చేశారు? లింకును వదులుకోలేదు. 2018లో దాన్ని 1000 మెగావాట్లకు పెంచుకున్నారు. అదే సరైన నిర్ణయమని నా అభిప్రాయం. తీగ తెగితే ఎలా తట్టుకోవాలో ముందే లెక్క వేసుకుంటేనే తీగ వేసినందుకు ఫలం.

ఒంటరితనం ఎంత ప్రమాదమో శ్రీలంకను చూడండి. 2025 ఫిబ్రవరి 9, ఆదివారం. పానదుర సబ్‌స్టేషన్‌లో ఒక కోతి పరికరాలకు తగిలిందని అక్కడి మంత్రే చెప్పారు. ద్వీపం మొత్తం కరెంటు పోయింది. సెలవు రోజు కాబట్టి వాడకం తక్కువ. ఇళ్ల కప్పుల మీది సోలార్ దండిగా వస్తోంది. బరువుగా తిరుగుతూ దెబ్బను ఓర్చుకునే పెద్ద టర్బైన్లు కొన్నే నడుస్తున్నాయి. చిన్న గ్రిడ్, చేయందించే పొరుగు లేదు. ఆ తర్వాత రెండు నెలలకు, ఏప్రిల్ 5న, భారత్–శ్రీలంక హెచ్‌వీడీసీ లింకు కోసం కొలంబోలో అవగాహన ఒప్పందం జరిగింది. దశాబ్దాలుగా నలుగుతున్న ఆలోచన ఇది. పాక్ జలసంధి అడుగున కేబుల్ వేయడం కష్టమే, ఖర్చే. ఇప్పటికే ఆలస్యమైందన్నది మాత్రం నిజం.

శ్రీలంక చిన్నది కాబట్టి అలా జరిగిందంటారా? ఈ సభలో ఎన్నో ఇళ్ల పిల్లలు డాలస్‌లో, ఆస్టిన్‌లో ఉన్నారు. 2021 ఫిబ్రవరి మంచు తుపాను రోజుల్లో వాళ్లు ఫోన్‌లో దొరక్క ఇక్కడ నిద్రపోని తల్లులు నాకు తెలుసు. ఫెడరల్ నియంత్రణ తమ మీద ఉండకూడదని టెక్సస్ తన గ్రిడ్‌ను దాదాపు ఒంటరిగానే ఉంచుకుంది. గ్యాస్ బావులు, విద్యుత్ కేంద్రాలు చలికి బిగుసుకుపోయాక బయటి నుంచి తెచ్చుకోగలిగింది స్వల్పం. 45 లక్షల ఇళ్లకు, దుకాణాలకు కరెంటు పోయింది. ప్రభుత్వ లెక్కలోనే 246 మంది ప్రాణాలు కోల్పోయారు. అదే రాష్ట్రంలో పశ్చిమ అమెరికా గ్రిడ్‌తో కలిసి ఉన్న ఎల్ పాసో మాత్రం దాదాపు మామూలుగానే బతికింది. 2011 చలి దెబ్బ తిన్నాక అక్కడివాళ్లు తమ యంత్రాలను చలికి సిద్ధం చేసుకున్నారు. అదీ ఒక కారణమే. పొరుగు సాయం, సొంత జాగ్రత్త రెండూ ఉన్న ఊరు బయటపడింది.

ఇక మీ పని గురించి. రాయలసీమలో పగలు సోలార్ మిగులుతుంది, సాయంత్రం ఆరు దాటగానే లోటు పడుతుంది. ఆ సాయంత్రపు లోటుకు హిమాలయ నదులు, మన పిన్నాపురం లాంటి పంప్డ్ స్టోరేజీ కేంద్రాలు రెండూ కావాలి. రేపు ఎండ ఎంత కాస్తుందో, గాలి ఎంత వీస్తుందో అంచనా వేయడం కంప్యూటర్ సైన్స్ పిల్లల పని. భారాన్ని ఫాల్ట్ అని పొరబడని రిలే సెట్టింగులు ఎలక్ట్రికల్ పిల్లల పని. ఒప్పుకున్న షెడ్యూలు దాటి ఎవరూ లాక్కోకుండా చూసే నిబంధనలు రాయడానికి ఇంజినీరింగుతో పాటు చట్టం తెలిసినవాళ్లు కావాలి. ధర విషయంలో, అనుమతుల విషయంలో పెద్ద దేశమైన మనం చిన్న దేశాల మీద పెత్తనం చేస్తున్నట్టు వాళ్లకు అనిపిస్తే ఏ తీగా నిలవదు. ఒప్పందాల బల్ల దగ్గర మీరు కూర్చున్న రోజున ఈ సంగతి మర్చిపోవద్దు.

క్యాంపస్ సెలక్షన్లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు వచ్చినవాళ్లకు నా అభినందనలు. ఆ ఉద్యోగాలకు మీరు తగినవాళ్లే. మీలో కొందరిని మాత్రం నేను ఈ రంగంలోకి రమ్మని అడగడానికే వచ్చాను. గుణదలలో విద్యుత్ సౌధ ఇక్కడికి బస్సు దూరం. అనుమతి తీసుకుని ఒక రోజు వెళ్లి, గ్రిడ్ ఎలా నడుస్తుందో అక్కడి ఇంజినీర్లను అడగండి. రాష్ట్ర ట్రాన్స్‌కో, పవర్‌గ్రిడ్, గ్రిడ్ ఇండియా నియామకాల ప్రకటనలు పడినప్పుడు దరఖాస్తు పెట్టండి. శ్రీలంక కేబుల్ మీద పనిచేసే ఇంజినీర్లలో కె.ఎల్.రావు గారి ఊరి కాలేజీ పిల్లలు ఉండాలని నా కోరిక.