మన పుస్తకం మనమే అమ్ముకుందాం
(సత్తెనపల్లి సభలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగం)



మన పుస్తకం మనమే అమ్ముకుంటే సిగ్గేంటి? బాబాసాహెబ్ 1920లో 'మూక్ నాయక్' పెట్టారు. భాగ్యరెడ్డివర్మ 1931లో 'భాగ్యనగర్' పత్రిక పెట్టారు. ఎవరో అచ్చేస్తారని వాళ్లు కూర్చోలేదు. మిరపకోత కూలి డబ్బుల్లోంచి అచ్చేసుకున్న పుస్తకం మనది. సంచిలో వేసుకుని పేటపేటకీ తిరగండి.

ఆసామి పగబడతాడని పేరు లేకుండా రాసేవాళ్లున్నారు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు చూసిన జనం మనం. ఆ భయం ఉత్తది కాదు. పేరు దాచుకోండి, తప్పులేదు. కానీ మీరు రాసిందాన్ని మీరే 'ఎవరో బ్రహ్మాండంగా రాశారండీ' అని మనవాళ్ల ముందు పొగడొద్దు. నాదేనని చెప్పగలిగితే చెప్పండి. చెప్పలేకపోతే చదివి వినిపించి ఊరుకోండి. మంచిచెడ్డలు విన్నవాళ్లే చెబుతారు. ఒక్కసారి నమ్మకం పోయిందా, రేపు కూలిరేట్ల కోసం పిలిచినా పేట కదలదు.

జై భీమ్!