రాజుకు మిత్రుడి ఉత్తరం

పట్టాలందుకున్న పిల్లలకూ, వెనక వరుసల్లో కూర్చున్న వాళ్ల అమ్మానాన్నలకూ అభినందనలు.

బౌద్ధ తాత్వికుడు ఆచార్య నాగార్జునుడు ఒక శాతవాహన రాజుకు 123 శ్లోకాల్లో ఉత్తరం రాశాడు. దాని పేరు సుహృల్లేఖ. సుహృత్తు అంటే మంచి మనసున్నవాడు, మిత్రుడు. మనం సభల్లో ‘సుహృద్భావం’ అంటామే, అందులో ఉన్నది ఈ సుహృత్తే. సంస్కృత మూలం మనకు దక్కలేదు. టిబెటన్, చైనా అనువాదాల్లో బతికింది. ఏడో శతాబ్దంలో మన దేశానికి వచ్చిన చైనా బౌద్ధ యాత్రికుడు ఇత్సింగ్ దాన్ని చైనా భాషలోకి మార్చి, ఇక్కడి విద్యార్థులు చదువు మొదట్లోనే దీన్ని నేర్చుకుంటారని రాసిపెట్టాడు.

ఆ పేరు నన్ను వదలదు. శూన్యవాదంతో మహామహా పండితులనే తికమకపెట్టినవాడు రాజుకు రాస్తే అది ‘ఉపదేశం’ అనిపించుకోవాలి. కానీ అది మిత్రలేఖగా నిలిచింది. ఎంత వినయంగా మొదలుపెట్టాడో చూడండి: చెక్కబొమ్మ ఎలా ఉన్నా, అది బుద్ధుడిది గనక తెలిసినవాళ్లు మొక్కుతారు, నా కవిత్వాన్నీ అలాగే చూడమంటాడు. నీకు తెలిసిన మాటలే కావచ్చు, సున్నం కొట్టిన మేడ వెన్నెల్లో ఇంకాస్త తెల్లబడదా అంటాడు. అంత మెత్తగా మొదలుపెట్టినవాడు తరవాత దేనికీ మొహమాటపడడు. యుద్ధంలో గెలిచినవాడికన్నా ఇంద్రియాలను గెలిచినవాడే శూరుడని రాజు మొహానే చెబుతాడు. ఆస్థానంలో ఆ మాట ఎవరంటారు?

ఆ శాతవాహనులు మనకు దూరపువాళ్లు కాదు. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో ఆ వంశ స్థాపకుడు శ్రీముఖుడి నాణేలు దొరికాయి. ధూళికట్టలో బౌద్ధ స్తూపం ఉంది. ఉత్తరాలూ మనకు కొత్త కాదు. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల పల్లెల్లో దుబాయి నుంచి ఉత్తరం వస్తే బడికెళ్లే పిల్లాడు చదివి వినిపించిన రోజులు మీ పెద్దలకు గుర్తే.

రేపు మీలో ఒకరు కుర్చీలో కూర్చుని మరమగ్గాల కార్మికుడికి నోటీసు రాస్తారు. ఇంకొకరు ఆ కుర్చీకే అర్జీ రాస్తారు. కిందికి రాసేటప్పుడు కసురుకోవడం, పైకి రాసేటప్పుడు బతిమాలాట మనకు అలవాటైపోయాయి. నాగార్జునుడు ఆ రెండూ చెయ్యలేదు.

ఒకచోట మాత్రం ఆయన అచ్చం మీ హాస్టల్ వార్డెనే. జూదం, జాతరల మోజు, సోమరితనం, చెడు సావాసం, తాగుడు, రాత్రి తిరుగుళ్లు వద్దంటాడు. ఇవాళ ఒక్కరోజుకు ఆ చివరిదాన్ని చూసీచూడనట్టు వదిలెయ్యమని వార్డెన్ గారిని అడుగుతాను. మిగిలిన అయిదింటికీ నా పూచీ లేదు.