మన చెరువు చాప, మన పులుసు

(మూసారాంబాగ్‌లో విద్యార్థులు, ఉద్యోగుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



మూసారాంబాగ్ పేరు ఫ్రెంచి సేనాని రేమాండ్ నుంచి వచ్చిందంటరు, మూసీ నుంచి కాదు. కానీ ఈ బస్తీ బతుకుతున్నది మాత్రం మూసీ ఒడ్డునే. 2020 అక్టోబర్‌ల వరదొస్తే అంబర్‌పేటకు పోయే వంతెన మీదికెల్లి నీళ్లు పారినయి. ఇంత నీళ్ల పక్కన ఉండి, ఇందులోంచి ఒక్క చాప పట్టి వండుకునే గతి లేదు మనకు. ఇయ్యాల నేను మాట్లాడేది చాప గురించే. ఇది తిండి ముచ్చట అని నవ్వకుండ్రి. నీళ్లు ఎవరివి అన్న ముచ్చట కూడా ఇదే.

ఊర్లె మిరుగు కార్తె వచ్చిందంటే ఇంటింటా చాపల వాసనే. కొత్త నీళ్లు పడంగనే చాపలు వాగుకు ఎదురెక్కుతయి. పిల్లలు కట్టెకు దారం కట్టి, బెండు కట్టి, ఎర్రను గాలానికి గుచ్చి కట్ట మీద కూసుంటరు. బెండు మునిగితే గుంజాలె. తొందరపడితే ఎర్ర పోతది, ఆలస్యమైతే చాప పోతది. పరకలు, జెల్లలు, చందమామలు పడతయి. విసురు వల మాత్రం అందరితోని కాదు. అది బెస్తోళ్ల, ముదిరాజుల చేతి విద్య. వల గుండ్రంగ విచ్చుకొని నీళ్ల మీద పడాలంటే ఏండ్ల అలవాటు కావాలె.

ఇగ వండుడు. చిన్న చాపలను ఉప్పుతోని, బండ మీద రుద్ది పొలుసు తీయాలె. పేగులు తీసి, పసుపు, ఉప్పు పట్టించి పక్కన పెట్టాలె. మెంతులు, జీలకర్ర, ధనియాలు ఏంచి పొడి కొట్టాలె. ఉల్లిగడ్డ, అల్లంఎల్లిగడ్డ నూనెల మగ్గినంక కారమేసి, చింతపండు పులుసు పోసి మసిలించాలె. చాపలు ఆఖరుకే వేయాలె. ఏసినంక గంటె పెట్టొద్దు. గిన్నెను బట్టతోని పట్టుకొని తిప్పాలె, లేకుంటే ముక్కలు చెదిరిపోతయి. పొద్దుగాల వండింది రాత్రికి, రాత్రి వండింది తెల్లారికి రుచి. జొన్నరొట్టెతోని తింటే ఇంకేం కావాలె!

మరి మూసీల ఎందుకు పట్టొద్దు? పట్నం మురికి, ఫ్యాక్టరీల రసాయనాలు కలిసిన నీళ్లల్ల బతికిన చాప ఒంట్ల ఆ విషమే పేరుకుంటది. ఉప్పుతోని కడిగితే పోదు, ఉడకబెడితే పోదు. అగ్గువకు దొరికిందని కొనేముందు ఏ నీళ్లదో అడగాలె. కేంద్రం 2000ల నిషేధించిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను దొంగతనంగ పెంచి అమ్మినోళ్ల మీద మన దగ్గరనే కేసులైనయి.

రాష్ట్రం 2014ల వచ్చింది. 2015ల చెరువుల పూడిక తీసుడు మొదలైంది. 2016ల కొర్రమట్ట రాష్ట్ర చాప అయింది. అదే ఏడు సర్కారు చెరువులల్ల ఉచితంగ చాప పిల్లలను వదిలింది. మంచిదే. కానీ వదిలింది ఎక్కువగ బొచ్చె, రవ్వ, బంగారుతీగ. పరకను, జెల్లను ఎవరూ లెక్కల రాయలేదు. బీదోని గిన్నెల పడేది ఆ చిన్న చాపనే. ముల్లుతో సహా నమిలి తింటే పిల్లల బొక్కలకు సున్నమిచ్చేది కూడా అదే.

అందుకే మూడు మాటలు. ఒకటి, రాంనగర్ మార్కెట్‌కు పోయినప్పుడు చెరువు చాప అని అడిగి కొనుండ్రి. రెండు, వానకాలం గుడ్లతోని ఎదురెక్కే చాపను వదిలిపెట్టుండ్రి, మళ్ల ఏడాదికి అదే మన పంట. మూడు, సరూర్‌నగర్ చెరువుల మురుగు కలిస్తే నాకేందని ఊకోకుండ్రి.

కొట్లాడి రాష్ట్రం తెచ్చుకున్నోళ్లం. మన పిల్లలు భయం లేకుండ గాలం వేసే నీళ్లను తెచ్చుకోలేమా? ఆ రోజు దాకా అడుగుతనే ఉందాం.

జై తెలంగాణ.