ఆర్చీ, బ్యూరెట్టూ
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కాలేజీలు పెట్టే ఖర్చుకీ, అక్కడ పిల్లలకు అందే చదువుకీ సంబంధం ఏమిటో చెప్పమని కార్యవర్గం వారు అడిగారు. ఇంజనీరింగ్ కాలేజీలో ఇరవై ఎనిమిదేళ్లు కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి కాబట్టి, నేను చూసినదీ, చేసినదీ చెబుతాను.

ఒక ఏడాది మా కాలేజీ ముందు పెద్ద ఆర్చి కట్టారు. గ్రానైటు, లైట్లు, బంగారు రంగు అక్షరాలు. అదే ఏడాది నేను ల్యాబ్‌కి ముప్ఫై బ్యూరెట్లు కావాలని ఇండెంటు పెట్టాను. ఒక్కొక్కటి కొన్ని వందల రూపాయలు. "ఈసారికి సర్దుకోండి మాస్టారూ" అన్నారు.

సర్దుకున్నాం. బాగున్నవి పన్నెండు. ల్యాబ్ అసిస్టెంటు లేడు గనుక సెక్షన్‌లో అరవై మందినీ ఒకేసారి పంపేవారు. ఒక బ్యూరెట్‌కి ఐదుగురు. ఒకరు కుళాయి తిప్పి రంగు మారేదాకా చూస్తారు, నలుగురు ఆ రీడింగు రాసుకుంటారు. రికార్డులు దిద్దేటప్పుడు అవి ఎవరివి ఎవరు రాసుకున్నారో నాకు తెలిసేది. అయినా ఎర్ర సిరాతో సంతకం పెట్టాను. ఏళ్ల తరబడి పెట్టాను.

తర్వాతెప్పుడో ఒక పాత విద్యార్థి కలిశాడు. కెమికల్ బ్రాంచి చదివి మందుల ఫ్యాక్టరీలో చేరాడు. "సార్, నేను మొదటిసారి బ్యూరెట్ చేత్తో పట్టుకున్నది ఉద్యోగంలోనే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

మా కాలేజీ ఖర్చు పెట్టలేదని ఎవరూ అనలేరు. వృత్తి విద్యా కాలేజీల ఫీజులను మన దగ్గర ప్రభుత్వ కమిటీ మూడేళ్లకొకసారి నిర్ణయిస్తుంది. 2003లో ఇస్లామిక్ అకాడమీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత వచ్చిన ఏర్పాటు ఇది. కాలేజీ తన జమాఖర్చులు చూపాలి, వాటిని బట్టి ఫీజు ఖరారవుతుంది. మంచి ఏర్పాటే. కానీ ఎంత ఖర్చయిందో ఖాతా చెబుతుంది గాని, పిల్లవాడి చేతికి ఏమి అందిందో చెప్పదు.

కాలేజీకి పెద్ద ఖర్చు అధ్యాపకుల జీతాలు. పొదుపు కత్తెర కూడా ముందు అక్కడే పడుతుంది. పదిహేను మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలన్న నిబంధనను 2018లో ఏఐసీటీఈ ఇరవై మందికి ఒకరుగా సడలించింది. అంటే 180 మందికి 12 మంది ఉండాల్సిన చోట 9 మంది చాలు. మిగిలేది ముగ్గురి జీతం. పోయేది, అర్థం కాని పిల్లవాడి పక్కన కూర్చునే తీరిక.

2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంటు వల్ల మన చుట్టుపక్కల పేద పిల్లలెందరో ఇంజనీరింగ్ చదివారు. ఆ మేలు మరువరానిది. అయితే ప్రభుత్వం నుంచి బకాయిలు ఆలస్యమైనప్పుడు మా దగ్గర ముందు ఆగినవి జీతాలు, ల్యాబ్ సామాను. బస్సుల మీద పోస్టర్లు మాత్రం ఆగలేదు.

భవనాలు వద్దని కాదు. కారని పైకప్పు, ఆడపిల్లలకు శుభ్రమైన మరుగుదొడ్లు చదువులో భాగమే. అడగవలసింది ఒకటే: ఈ రూపాయి పిల్లవాడి దాకా వస్తుందా, గేటు దగ్గరే ఆగుతుందా?

ఆ తర్వాత వచ్చిన ప్రిన్సిపాల్ గారు ముప్ఫై బ్యూరెట్లు కొనిపించి, ఒక ల్యాబ్ అసిస్టెంటును వేశారు. సెక్షన్‌ని రెండు బ్యాచ్‌లు చేశాం. మనిషికొక బ్యూరెట్. మొదటి వారం ఎవరి రీడింగూ ఎవరిదానితో కలవలేదు, అన్నీ తప్పులే. నాకు మహా సంతోషమైంది. అవి వాళ్ల సొంత తప్పులు. దిద్దడానికి వీలున్న తప్పులు.

మన బడిలో సైన్సు మాస్టారు మందార పూల రసంలో నిమ్మరసం, సున్నపుతేట వేయించి రంగులు చూపించారు. పైసా ఖర్చు లేదు. కానీ తరగతిలో ముప్ఫై మందిమే. ప్రతి ఒక్కరి దగ్గరికీ వచ్చి చూసే తీరిక ఆయనకుండేది. డబ్బుతో కాలేజీ కొనవలసింది ముందు ఆ తీరికనే.

మనలో చాలామంది పిల్లల్నో మనవల్నో కాలేజీలో చేర్చే వయసులో ఉన్నాం. ఆర్చి చూసి వచ్చేయకండి. ల్యాబ్ దాకా వెళ్లండి. ఒక పరికరానికి ఎంతమంది? ఈ ఏడాది లైబ్రరీకి ఏం కొన్నారు? నిరుడు చెప్పిన లెక్చరర్లలో ఎంతమంది ఉన్నారు? ఈ మూడూ అడగండి.

చివరిగా ఒక మాట. స్వర్ణోత్సవ నిధితో బడి ముందు దాతల పేర్లతో ఆర్చి కట్టాలని ప్రతిపాదన ఉంది. చందా ఇచ్చినవాళ్లలో నేనూ ఒకణ్ణి, నా పేరూ అక్కడ చెక్కుతారు. నా పేరు లేకపోయినా ఫర్వాలేదు. ఆ డబ్బు బ్యాంకులో వేసి, ఏటా వచ్చే వడ్డీని మన బడి ల్యాబ్‌కి ఇద్దామని సభను కోరుతున్నాను. ఎర్ర సిరా సంతకాల బాకీ నాకు ఇంకా ఉంది.