గుండెజబ్బు - నిద్రలో ఆగు ఊపిరి

గురకపెట్టి నిద్రించువారిని చూచి ‘ఎంత హాయిగా నిద్రపోవుచున్నాడు’ అనుకొనుట మనకు అలవాటు. గుండె బలహీనపడి, కాళ్లకు నీరు దిగి, నాలుగడుగులు వేయగనే ఆయాసపడు మనిషి విషయమున ఈ మాట ఒక్కొక్కప్పుడు పెద్ద పొరపాటు. అట్టివారిలో పెక్కుమందికి నిద్రలో ఊపిరి మాటిమాటికి ఆగుచుండును. ఆ సంగతి వారికి తెలియదు. ప్రక్క మంచముమీద మేలుకొనియున్నవారికి తెలియును.

ఇది క్రొత్తగా కనుగొన్నది కాదు. 1818లో డబ్లిను నగరమున జాన్ చెయిన్ అను వైద్యుడు ఒక రోగి ఊపిరిని శ్రద్ధగా గమనించి వ్రాసెను. అది పావు నిమిషము పూర్తిగా ఆగును. పిమ్మట వినీవినబడక మొదలై, క్రమముగా పెరిగి, రొప్పుగా మారి, మరల సన్నగిల్లి ఆగిపోవును. ఈ వరుస యంతయు సుమారొక నిమిషము. 1854లో ఆ నగరమందే విలియం స్టోక్స్ తన హృద్రోగ గ్రంథమున ఈ లక్షణమును గుండె బలహీనతతో ముడిపెట్టెను. ఆ యిద్దరి పేర దీనిని ‘చెయిన్-స్టోక్స్ శ్వాస’ యందురు. మరణశయ్యపై నున్నవారియందును ఇది కనబడుటచే కడపటి ఊపిరియని కొందరు భయపడుదురు. పగలు లేచి తిరుగుచున్న హృద్రోగులకు కూడ రాత్రి నిద్రలో ఇది వచ్చుచుండును.

ఎందువలన వచ్చును? ఊపిరి తీయుమని ఆజ్ఞ ఇచ్చునది మెదడు. నెత్తురులో బొగ్గుపులుసు వాయువు ఎంత యున్నదో చూచుకొని అది ఆజ్ఞ ఇచ్చును. గుండె నీరసించినప్పుడు ఊపిరితిత్తులలో నెత్తురు నిలిచి, చెమ్మ చేరి, మనిషి అవసరమునకు మించి గాలి పీల్చును. ఆ వాయువు తరిగిపోవును; నిద్రలోనున్న మెదడు ఇక ఊపిరి అక్కరలేదని ఊరకుండును. ఇంతలో వాయువు మరల పెరుగును. కాని నెత్తురు మెల్లగా నడచుటచే ఊపిరితిత్తుల వార్త మెదడునకు ఆలస్యముగా అందును. ఆలస్యముగా వచ్చిన ఉత్తరము చూచి కంగారుపడినవానివలె మెదడు ఒక్కుమ్మడిగా రొప్పించును. వాయువు మరల తరుగును. రాత్రియంతయు ఇదే వరుస.

వేరొక రకము కలదు. అందు మెదడు ఆజ్ఞ ఇచ్చుచునే యుండును గాని గొంతు మూసికొనిపోవును. రొమ్ము, పొట్ట ఎగిసిపడుచున్నను గాలి ఆడదు. తుదకు పెద్ద గురకతో ఊపిరి తిరిగి వచ్చును. స్థూలకాయులకు ఇది హెచ్చు. పగలెల్ల కాళ్లలో నిలిచిన నీరు, పరుండినప్పుడు మెడవైపు జరిగి గొంతును ఇరుకుచేయుట కూడ ఒక కారణము. ఆ పెనుగులాటలో రక్తపుపోటు పెరిగి, అలసిన గుండెపై మరింత భారము పడును. ఒకే మనిషికి రెండు రకములును ఉండవచ్చును.

గొంతు మూసికొను రకమునకు 1981లో సిడ్నీ వైద్యుడు కాలిన్ సల్లివన్ ముక్కుద్వారా ఒత్తిడితో గాలి పంపు పద్ధతిని ప్రకటించెను. నేటికిని అది మంచి చికిత్స. మొదటి రకమునకును యంత్రమే మందని పెక్కురు తలచిరి. ఊపిరి తగ్గినప్పుడెల్ల కనిపెట్టి తానే గాలి అందించు యంత్రములు వచ్చినవి. గుండె పంపుశక్తి తగ్గిన 1,325 మందిపై జరిపిన పరీక్ష ఫలితములు 2015లో వెలువడినవి. యంత్రము ఊపిరిని చక్కదిద్దెను. కాని అది వాడినవారిలో నూటికి సుమారు 30 మంది, వాడనివారిలో 24 మంది గుండె, రక్తనాళముల జబ్బులచే మరణించిరి. ఊపిరి బాగైనది, మనిషి బాగుపడలేదు! 2024లో ప్రకటింపబడిన మరియొక పరీక్షలో, అటువంటిదే వేరొక యంత్రమువలన హాని కనబడలేదు. ఆయువు పెరిగినట్లును తేలలేదు.

కావున ఇరుగుపొరుగువారు చెప్పిరని యంత్రము కొనుట మాకు సమ్మతము కాదు. రాత్రి నిద్రలో జరుపు పరీక్షవలన రకము తేల్చుకొనవలెను. మొదటి రకమునకు తొలి చికిత్స గుండెకే. మందులు సరిగా పడి నీరు తీసినకొలది ఊపిరియు చాలమందిలో కుదుటపడును. వైద్యుని అడుగక నిద్రమాత్ర ఇయ్యరాదు.

ఈ రోగులలో చాలమందికి పగలు కునికిపాట్లు ఉండవు. అందుచే అడిగినను వారు చెప్పగలిగినది స్వల్పము. చూచినవారే చెప్పవలెను: ఊపిరి ఎంతసేపు ఆగినది, ఆగినప్పుడు రొమ్ము కదలుచున్నదా, కదలక యున్నదా. చేతిలోని ఫోనుతో రెండు మూడు నిమిషములు చిత్రము తీసి వైద్యునకు చూపినను చాలును.