హింగిస్ మూడు రిటైర్మెంట్లు, మన సానియా

(రాయపూర్‌లో మన తెలుగు సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"రిటైర్మెంట్ తర్వాత జీవితం" అనే విషయం మీద మాట్లాడమని కార్యదర్శిగారు నాకు అప్పగించారు. ఈ విషయం మీద మనం వినని ఉపన్యాసం లేదు. పెన్షన్ కాగితాలు, రీసెటిల్‌మెంట్ కోర్సులు, డి.ఎస్.సి.లో మళ్ళీ చేరడం, బ్యాంకులో సెక్యూరిటీ ఉద్యోగం, ఇవన్నీ నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఇక్కడ ఉన్నారు. అందుకని నేను ఒక టెన్నిస్ క్రీడాకారిణి కథ చెప్తాను. ఆవిడ స్విట్జర్లాండ్ మనిషి, పేరు మార్టినా హింగిస్. మూడుసార్లు రిటైరయింది: ఇరవై రెండేళ్ళకి ఒకసారి, ఇరవై ఏడేళ్ళకి ఒకసారి, ముప్ఫై ఏడేళ్ళకి ఒకసారి. మనవాళ్ళలో ఎక్కువమంది యూనిఫాం విప్పే వయసులు కూడా దాదాపు ఇవే గదా! పదిహేనేళ్ళ సర్వీసుకి పెన్షన్ వచ్చి జవాను ఇంటికి వచ్చేసరికి ముప్ఫై నాలుగో ముప్ఫై ఐదో. 2022లో అగ్నిపథ్ వచ్చాక నాలుగేళ్ళకే, అంటే ఇరవై రెండు ఇరవై మూడేళ్ళకే, బయటికి వచ్చే పిల్లలు ఉంటారు. బయట ఊళ్ళో ఆ వయసుకి చాలామంది ఇంకా మొదటి ఉద్యోగం వెతుక్కుంటూ ఉంటారు.

స్విట్జర్లాండ్ అమ్మాయితో మనకేం సంబంధం అని మీరు అడగొచ్చు. ఆవిడ కెరీర్‌లో చివరి పెద్ద అధ్యాయం హైదరాబాద్ అమ్మాయి సానియా మీర్జాతో కలిసి రాసుకున్నది. అదీ సంబంధం.

హింగిస్ పుట్టింది 1980 సెప్టెంబరు 30న, అప్పటి చెకొస్లొవేకియాలోని కొషీత్సెలో. ఈ ఊరు ఇప్పుడు స్లొవేకియాలో ఉంది. తల్లి మెలనీ మొలిటర్ స్వయంగా టెన్నిస్ ఆడిన మనిషి. మార్టినా నవ్రతిలోవా మీద అభిమానంతో కూతురికి ఆ పేరు పెట్టింది. పిల్లకి ఏడేళ్ళప్పుడు తల్లీకూతుళ్ళు స్విట్జర్లాండ్ వెళ్ళిపోయారు. తల్లే కోచ్. 1996లో హెలెనా సుకోవాతో కలిసి వింబుల్డన్ డబుల్స్ గెలిచేనాటికి హింగిస్‌కి పదిహేనేళ్ళు. మర్నాడు సంవత్సరం, అంటే 1997లో, ఆస్ట్రేలియన్ ఓపెన్, వింబుల్డన్, యు.ఎస్. ఓపెన్ సింగిల్స్ మూడూ గెలిచింది. పారిస్‌లో మాత్రం ఫైనల్లో ఇవా మయోలీ చేతిలో ఓడిపోయింది. ఆ మార్చి 31న ప్రపంచ నంబర్ వన్ అయ్యేనాటికి వయసు పదహారున్నర. మన దగ్గర ఆ వయసుకి రిక్రూట్‌మెంట్ ర్యాలీలో నిలబడనివ్వరు కూడా!

ఆమె ఆటలో బలం తక్కువ, బుర్ర ఎక్కువ. ఎదుటివాళ్ళు రెండు దెబ్బల తర్వాత ఎక్కడుంటారో ముందే లెక్క కట్టి బంతిని అక్కడ లేకుండా చేసేది. ఆ రోజుల్లోనే విలియమ్స్ అక్కాచెల్లెళ్ళు వచ్చారు, డావెన్‌పోర్ట్ వచ్చింది. సర్వీసులో వేగం, దెబ్బలో బరువు పెరిగిపోయాయి. 1999 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో స్టెఫీ గ్రాఫ్ మీద మొదటి సెట్టు గెలిచి, రెండో సెట్టులో 2-0 ముందంజలో ఉండి, ఒక బంతి గీత మీద పడిందా లేదా అని నెట్ దాటి అవతలికి వెళ్ళి గొడవ పెట్టుకుంది. జనం ఎదురు తిరిగారు. చివరికి చేతికింది నుంచి సర్వీసు చేసే స్థితికి వచ్చి ఓడిపోయింది. ఏడుస్తూ లోపలికి వెళ్ళిపోతే బహుమతి ప్రదానానికి తల్లి పట్టుకుని తీసుకొచ్చింది. ఫ్రెంచ్ ఓపెన్ సింగిల్స్ ఆమెకి ఎప్పటికీ దక్కలేదు. ఆ తర్వాత చీలమండలు మొరాయించాయి. 2001లో ఒక కాలికి, 2002లో ఇంకో కాలికి ఆపరేషన్. 2003 ఫిబ్రవరిలో సెలవు ప్రకటించింది. అప్పటికి ఐదు సింగిల్స్ గ్రాండ్‌స్లామ్‌లు. మొత్తం 209 వారాలు నంబర్ వన్‌గా ఉన్న మనిషి ఇరవై రెండేళ్ళకి మెడికల్ బోర్డు ముందు నిలబడ్డట్టే అయింది.

2006లో తిరిగి వచ్చింది. ఆ జనవరిలోనే మన మహేశ్ భూపతితో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచింది. మేలో రోమ్ టోర్నీ గెలిచి, ఏడాది చివరికి మళ్ళీ మొదటి పది ర్యాంకుల్లోకి వచ్చింది. ఆ సెప్టెంబరులో కలకత్తాలో సన్‌ఫీస్ట్ ఓపెన్ జరిగింది. సెమీస్‌లో సానియా ఎదురైంది. హింగిస్ 6-1, 6-0తో చుట్టేసింది. సొంత దేశంలో, నిండు సభలో ఒకే ఒక్క గేమ్! కొద్దిరోజుల్లోనే సియోల్‌లో మళ్ళీ ఇద్దరూ తలపడ్డారు. మొదటి సెట్టు హింగిస్ గెలిచింది. తర్వాత రెండు సెట్లూ, అందులో ఒకటి 6-0, సానియావి. వీళ్ళిద్దరూ ఒక వైపు నిలబడి ఆడతారని ఆనాడు ఎవరనుకున్నారు?

రెండో రిటైర్మెంట్ చేదుది. 2007 వింబుల్డన్‌లో తీసిన పరీక్షలో కొకైన్ జాడ ఉందన్నారు. నేను ఏ రోజూ ముట్టుకోలేదంది ఆమె. ఆ నవంబరులోనే విషయం తనే బయటపెట్టి, అధికారులతో ఏళ్ళ తరబడి పోరాడే ఓపిక లేదని చెప్పి ఆట మానేసింది. రెండేళ్ళ నిషేధం పడింది. మన భాషలో చెప్పాలంటే సర్వీసు రికార్డులో ఎర్ర సిరా ఎంట్రీ. అలాంటి ఎంట్రీ పడ్డవాడు ఎలా నడుస్తాడో, తలెత్తి మాట్లాడడానికి ఎన్నేళ్ళు పడుతుందో ఇక్కడున్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఈ భాగాన్ని వదిలేసి ఆవిణ్ణి పొగిడేవాళ్ళున్నారు. నాకది నచ్చదు. అది కలిపి చెప్తేనే తర్వాతి కథకి విలువ.

ఇక మన అమ్మాయి. సానియా 1986 నవంబరు 15న బొంబాయిలో పుట్టి హైదరాబాద్‌లో పెరిగింది. ఆరేళ్ళకి రాకెట్ పట్టింది. మొదట్లో మహేశ్ తండ్రి కృష్ణ భూపతిగారి దగ్గర నేర్చుకుంది. తండ్రి ఇమ్రాన్ మీర్జా కూడా కోచే. 2005 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఓపెన్ గెలిచి, డబ్ల్యు.టి.ఎ. సింగిల్స్ టైటిల్ సాధించిన మొదటి భారతీయురాలయింది. అదే ఏడాది దుబాయ్‌లో అప్పటి యు.ఎస్. ఓపెన్ విజేత కుజ్నెత్సోవాని ఓడించింది. యు.ఎస్. ఓపెన్‌లో నాలుగో రౌండు దాకా వెళ్ళింది. 2007 ఆగస్టులో సింగిల్స్ ర్యాంకు 27. ఆ ఫోర్‌హ్యాండ్ దెబ్బ తగిలితే ఎదుటి మనిషి కదిలే లోపల బంతి వెనక గోడ దగ్గరుండేది. తర్వాత మణికట్టు దెబ్బతింది. 2008లో ఆపరేషన్. జుట్టు దువ్వుకోవడానికి కూడా చెయ్యి సహకరించలేదని తనే చెప్పింది. మోకాళ్ళకీ ఆపరేషన్లయ్యాయి. 2013లో సింగిల్స్ పూర్తిగా వదిలేసి డబుల్స్‌కి మాత్రమే ఉండిపోయింది.

ఇక్కడ కాస్త ఆగాలి. సింగిల్స్ వదిలి డబుల్స్‌కి రావడమంటే చూసేవాళ్ళ లెక్కలో మెట్టు దిగడం. డబ్బు తక్కువ, కెమెరాలు తక్కువ, పేరు పక్కవాడితో పంచుకోవాలి. సుబేదార్‌గా వంద మందిని నడిపించినవాడు ఏదో గేటు దగ్గర రిజిస్టర్ రాస్తుంటే "అయ్యో పాపం" అంటారు చూడండి, అలా. కానీ డబుల్స్ వేరే విద్య. కోర్టు వెడల్పు 27 అడుగుల నుంచి 36 అడుగులవుతుంది. పరుగు తగ్గుతుంది, ఆలోచన పెరుగుతుంది. సింగిల్స్‌కి సరిపోని మోకాలు డబుల్స్‌కి సరిపోతుంది. వేగం లేక ఓడిన హింగిస్‌కి నెట్ దగ్గర చదరంగం ఆడే చోటు దొరికింది. మణికట్టు పోయిందనుకున్న సానియాకి ఆ ఫోర్‌హ్యాండ్‌ని బేస్‌లైన్ నుంచి పేల్చే చోటు దొరికింది. ఒకరికి లేనిది ఇంకొకరి దగ్గర ఉంది. మన బడ్డీ పెయిర్ ఏర్పాటు తెలిసినవాళ్ళకి దీన్ని వివరించక్కర్లేదు.

హింగిస్ 2013లో మూడోసారి ఆటలోకి వచ్చింది, డబుల్స్ కోసమే. 2015 మార్చిలో ఇద్దరూ జత కట్టారు. వరసగా ఇండియన్ వెల్స్, మయామి, చార్ల్‌స్టన్ మూడూ గెలిచారు. ఏప్రిల్ 13న సానియా డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్. మన దేశపు మహిళల్లో అంతకుముందు ఎవరికీ దక్కని స్థానం.

జులైలో వింబుల్డన్ ఫైనల్. ఎదురుగా మకరోవా, వెస్నినా. మొదటి సెట్టు 5-7తో పోయింది. రెండోది టై బ్రేక్‌లో గట్టెక్కింది. మూడో సెట్టులో 2-5. ఇంకొక్క గేమ్ పోతే అంతా పోయినట్టే. అక్కణ్ణించి ఒక్కో గేమూ లాక్కొచ్చారు. వెలుతురు తగ్గి, పైకప్పు మూసి, దీపాలు వేసి ఆడించారు. 7-5. నేను టీవీ ముందు కూర్చుని చూశాను. ఎవరి పాయింటు పోయినా రెండోవాళ్ళు ముఖం చిట్లించలేదు. ప్రతి పాయింటు తర్వాతా చేతులు కలుపుకున్నారు. నన్నడిగితే ఆ రోజు గెలిపించింది ఆ అలవాటే. అది సానియాకి మొదటి మహిళల డబుల్స్ గ్రాండ్‌స్లామ్. హింగిస్‌కి వింబుల్డన్‌లో 1998 తర్వాత మొదటి టైటిల్, పదిహేడేళ్ళకి! మర్నాడు లియాండర్ పేస్‌తో కలిసి మిక్స్‌డ్ కూడా గెలిచేసింది.

ఆ తర్వాత యు.ఎస్. ఓపెన్‌తో మొదలుపెట్టి గ్వాంగ్‌జౌ, వుహాన్, బీజింగ్, సింగపూర్, బ్రిస్బేన్, సిడ్నీ, ఆస్ట్రేలియన్ ఓపెన్, సెయింట్ పీటర్స్‌బర్గ్: తొమ్మిది టోర్నీలు వరసగా. 41 మ్యాచ్‌లు ఓటమి లేకుండా. 2016 ఫిబ్రవరిలో దోహాలో వెస్నినా, కసట్కినా ఆ వరస తెంపారు. మొత్తం ఇద్దరూ కలిసి గెలిచినవి 14 టైటిళ్ళు. అందులో మూడు గ్రాండ్‌స్లామ్‌లు.

చిత్రం చూడండి. అదే 2016లో ఫ్రెంచ్ ఓపెన్ మిక్స్‌డ్ ఫైనల్లో ఒక పక్క హింగిస్, పేస్. ఇంకో పక్క సానియా, డోడిగ్. హింగిస్ జంట 10-8తో చివరి టై బ్రేక్ గెలిచింది. డబుల్స్‌లో మాత్రం అప్పటికింకా ఇద్దరూ భాగస్వాములే. ఆ ఆగస్టులో విడిపోయారు. ఫలితాలు తగ్గాయి, మార్పు కావాలనుకున్నారు. ఎవరూ ఎవర్నీ తిట్టుకోలేదు. విడిపోయిన ఆ నెలలోనే సిన్సినాటి ఫైనల్లో ఎదురెదురుగా నిలబడ్డారు. స్ట్రిత్సోవాతో ఆడిన సానియా గెలిచింది. అప్పటిదాకా ఇద్దరూ కలిసి పంచుకున్న నంబర్ వన్ స్థానం సానియా ఒక్కదానిదయింది. మళ్ళీ అక్టోబరులో సింగపూర్ ఫైనల్స్‌కి కలిసే ఆడారు! పోస్టింగ్ మారితే బద్ధశత్రువులైపోయే మనవాళ్ళు కొందరు నాకు తెలుసు. పేర్లు చెప్పను, సభలోనే ఉండొచ్చు.

హింగిస్ 2017 అక్టోబరులో మూడోసారి, చివరిసారి రిటైరయింది. అప్పటికి తైవాన్ అమ్మాయి చాన్ యుంగ్‌జాన్‌తో ఆడుతూ డబుల్స్ నంబర్ వన్‌గా ఉంది. మొత్తం 25 గ్రాండ్‌స్లామ్‌లు: సింగిల్స్ 5, డబుల్స్ 13, మిక్స్‌డ్ 7. ఇరవై రెండేళ్ళకి ఆ కథ అయిపోయిందనుకున్నాం. ఆ 13లో నాలుగు, 7లో ఏడూ ఆ తర్వాత వచ్చినవే.

సానియా 91 వారాలు నంబర్ వన్‌గా ఉంది. 2018 అక్టోబరులో కొడుకు పుట్టాడు. 2020 జనవరిలో మళ్ళీ కోర్టులోకి వచ్చి మొదటి టోర్నీ, హోబర్ట్, గెలిచింది. ఖేల్‌రత్న 2015లో, పద్మభూషణ్ 2016లో వచ్చాయి. 2023 జనవరి 21 మీకు గుర్తుండే ఉంటుంది. మన రాయపూర్‌లో మొదటి అంతర్జాతీయ వన్డే, న్యూజిలాండ్ 108కి కుప్పకూలింది. ఊరంతా స్టేడియంలోనో టీవీ ముందో. ఆ రోజుల్లోనే మెల్‌బోర్న్‌లో సానియా తన చివరి గ్రాండ్‌స్లామ్ ఆడుతోంది. బోపన్నతో కలిసి మిక్స్‌డ్ ఫైనల్ దాకా వెళ్ళి ఓడింది. వచ్చే నెలలో దుబాయ్‌లో ఆఖరి మ్యాచ్. మార్చి 5న హైదరాబాద్ ఎల్.బి. స్టేడియంలో వీడ్కోలు.

ఆ జులైలో వింబుల్డన్‌లో పాత ఆటగాళ్ళ డబుల్స్ పోటీలో సానియా కనిపించింది, జొహానా కొంటాతో కలిసి. ఆ పోటీ గెలిచింది ఎవరనుకుంటున్నారు? క్లైస్టర్స్‌తో కలిసి హింగిస్! నలభై రెండేళ్ళ వయసులో.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. భోజనాలు సిద్ధమైనట్టున్నాయి, గోంగూర వాసన ఇక్కడిదాకా వస్తోంది.