చెరువు కాపుదల నేలమీదనే
(ఒక పఠనమందిరమున గావించిన యుపన్యాసపాఠము)



నీరు చెడినదనగానే మన దృష్టి ఏదో యొక కర్మాగారపు గొట్టముమీదికి పోవును. గొట్టము కంటికి కనబడును గనుక దానిని మూయించుట సాధ్యము. కాని వానచినుకు నేలపై బడి చెరువు చేరులోపల త్రోవలోనున్న మాలిన్యమునెల్ల మోసికొనివచ్చును. దానిని మూయుటకు బిరడా లేదు. ఎగువనేలను మనమెట్లు వాడుకొందుమో దిగువనీరట్లే యుండును. నేడు మేము మనవిచేయదలచిన దిదియే.

ఇందుకు హైదరాబాదు జంటజలాశయములే నిదర్శనము. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి వేలకొలది ప్రాణములను బలిగొనెను. పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సూచనల ననుసరించి మూసీపై ఉస్మాన్‌సాగరమును, ఈసీపై హిమాయత్‌సాగరమును నిర్మించిరి. మొదటిది 1920లోను, రెండవది 1927లోను పూర్తియయ్యెను. వరదను ఆపుటకు బుట్టిన యీ చెరువులే నగరమునకు త్రాగునీరొసగినవి. గండిపేట నీరు త్రాగినవాడు ఆ నగరమును విడువడను నానుడియు బుట్టినది.

ఆ నీటిని కాపాడినవి వడపోత తొట్లు మాత్రమే కావు. ఎగువనున్న చేలును, బీళ్లును, వాగులును గూడ కాపాడినవి. మెత్తని నేల వానను పీల్చి నిదానముగా విడుచును. అదే నేలను సిమెంటుతో కప్పినచో నీరింకక, వీధులలోని నూనెను, చెత్తను, మురుగును ఊడ్చుకొని పరుగెత్తును. సేద్యమును నిర్దోషి యనరాదు. మితిమీరి చల్లిన ఎరువులలోని నత్రజని, భాస్వరములు చెరువు చేరి నాచును పెంచును. నాచు క్రుళ్లునప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించి చేపలు చచ్చును.

ఈ సంగతి గ్రహించియే 1996 మార్చిలో ప్రభుత్వము 111వ సంఖ్యగల యుత్తరువు నిచ్చినది. జలాశయముల పూర్తిమట్టమునుండి 10 కిలోమీటర్లలోపల, 84 గ్రామముల పరిధిలో, కాలుష్యకారకములగు పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాసకాలనీలను నిషేధించినది. ఆ హద్దులోపల తలపెట్టిన యొక నూనెపరిశ్రమ వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1999లో గొప్ప న్యాయమును చెప్పినది: హాని కలుగదని నిరూపించు భారము పరిశ్రమ నెలకొల్పువానిదే గాని ప్రజలది కాదు. 2000లో ఆ పరిశ్రమకిచ్చిన మినహాయింపు చెల్లదని తీర్పు చేసినది.

2022 ఏప్రిలులో 69వ సంఖ్యగల యుత్తరువు ఆ నిషేధములను తొలగించినది. నీటి నాణ్యతకు లోపము రారాదనియు, మురుగుశుద్ధి కేంద్రములు నెలకొల్పవలయుననియు షరతులు మాత్రము విధించినది. కృష్ణా, గోదావరీ జలములు నగరమునకు వచ్చుచుండగా ఈ చెరువుల యవసరమేమని కొందరి వాదము. ఆ జలములు దూరమునుండి యంత్రబలమున ఎక్కిరావలయును. గండిపేట నీరు పల్లమున కదే దిగివచ్చును. చేతనున్న దానిని చెరుపుకొని దూరపుదానిని నమ్ముట వివేకమా?

ఆ గ్రామముల రైతుల మొర వేరు; అది న్యాయమైనది. ప్రక్కయూరి భూమికి బంగారపు వెల పలుకుచుండ, తమ భూమికి కట్టుబాటేల యని వారడుగుచున్నారు. నీరు త్రాగినది నగరము. నష్టము మోసినది పల్లె. కావున ఆ నష్టమును నగరవాసులు తమ పన్నులనుండి తీర్పవలయును. చెరువుకొరకు సేద్యమును నిలుపుకొన్న రైతునకు ఏటేట ప్రతిఫలమిచ్చుట దానము కాదు, ఋణము తీర్చుట. ఈ న్యాయము చేయక కట్టుబాటును మాత్రము కోరువారి మాట నిలువదు.

ఇట్టి చెరువు మన ప్రతి పట్టణమునకు నేదో యొకటి కలదు. దాని ఎగువ వాగులు ఎందుండి వచ్చుచున్నవో, ఏ సర్వే సంఖ్యలలో పూడిపోయినవో గ్రామపటము చేతబట్టి మనమే నడచి చూడవలయును. చూచినదానిని వ్రాసి పంచాయతి యెదుటను, పురపాలకసంఘము నెదుటను ఉంచవలయును. నీరు చెడిన పిదప తీర్పు వచ్చినను, ఆ తీర్పు దాహము తీర్పజాలదు. రానున్న వానకాలమునకు ముందే యీ పనికి పూనుకొనుడని ప్రార్థించుచున్నాము.